మూల విరిగిన పలక

డిసెంబరు ముప్పై ఒకటి.
మార్కాపురంలో, కంభం రోడ్డు పక్క మా రేకుల షెడ్డు.
కోత మిషను ఆపినా
చెవుల్లో ఇంకాసేపు తిరుగుతూనే ఉంటుంది.

ఏటా ఈ రోజు మాకొక పని అదనం,
కూలి లేని పని.
లోడుకు పనికిరాని, మూల విరిగిన పలక ఒకటి ఏరి
పోయే ఏడాదికి ఒక్క మాట రాసి
కాటా పైన మేకుకు తగిలిస్తాం.
ఎవరు మొదలెట్టారో గుర్తు లేదు.
బిల్లులు రాసేదాన్ని కాబట్టి
రాసేది మాత్రం నేనే.

గోడ మీద పాతవి ఉన్నాయి.
'దూరం'. అప్పుడందరం మూతులకు గుడ్డలు కట్టుకున్నాం,
రాతి దుమ్ముకు ఏనాడూ కట్టుకోని వాళ్లం.
తర్వాతి ఏడు 'కంటైనరు', చెన్నై రేవులో ఇరుక్కున్నది.
ఆ తర్వాత 'బోరు'. ఎనిమిది వందల అడుగులు దింపితే
బూడిద లేచింది.
ఒక్కటీ ఎవరూ చెరపలేదు.
మీద దుమ్ము కూర్చుంది, అంతే.
తుడిస్తే మాట పోతుంది,
తుడవకపోతే కనబడదు.
అందుకని ఊదుతాం.

ఈసారి ఓబులేసు ముందే తేల్చేశాడు: 'ఓటీపీ'.
"గ్యాసుకదే, బియ్యానికదే, మాయమ్మ పింఛనుకదే.
నా పేరెవడడిగాడు ఈ ఏడు?"
నవ్వాం. దాదాపు రాసేసేదాన్నే.
చట్రానికి మేకు కొడుతూ ఖాసింబీ 'నీళ్లు' అంది.
"అది ప్రతి ఏడుదీనూ,
వచ్చిన్నాడు రాద్దాంలే" అంది తిరుపాలమ్మ.
లోపల్నుంచి శెట్టిగారు 'టైల్సు' అని కేకేశాడు.
నిజమే. బడికి పోవాల్సిన రాయి
ఎవరి దేశంలోనో స్నానాలగది గోడ ఎక్కుతోంది.
ఖాసింబీ మనవరాలు 'రీలు' అంది.
ఎవరూ పట్టించుకోకపోతే అలిగి
మేక పక్కన పోయి కూచుంది.

గాలెయ్య మామ మాట్లాడలేదు.
ముప్పై ఏళ్లు గుంటలో రాతిపొరలు విప్పినవాడు.
ఉలి ఆనించి, చెవి వంచి,
ఏ పొర తనంతట తాను విడిపోదామనుకుంటుందో వినేవాడు.
ఈ ఏడు దగ్గు ముదిరి గుంటలోకి దిగడం లేదు.
ఒంగోలు ఆసుపత్రి ఫిలిం
కవరుతో సహా నా బల్ల కింద దాచాడు,
ఇంట్లో తెలియకూడదని.

"నువ్వు చెప్పు మామా."

దగ్గొచ్చింది. చెయ్యెత్తాడు.
"ఉండు."

ఆగాం. దగ్గు తగ్గింది. ఇంకేమీ అనలేదు.
చెప్పేశాడా, చెప్పబోయి ఆపాడా
తెలియలేదు. ఎవరమూ అడగలేదు.
"ఇదేం మాట, మా మేకకు చెప్పేది" అంది ఖాసింబీ.
ఓబులేసు మాత్రం తల గోక్కున్నాడు.
బ్యాంకువాడు మనతో అన్నదీ ఇదే,
మనం వడ్డీవాడితో అన్నదీ ఇదే.
ఫిలిం బల్ల కింద పెట్టిన రోజు
నేను లోలోపల అనుకున్నదీ ఇదే.
అయితే అప్పుడు
ఆగమని కాదు.

రాశాను. బలపం కిర్రుమంది.
ఉ. పక్కన సున్నా. డు.
మేకుకు తగిలించడానికి పైన వేసిన బెజ్జం
ఆ సున్నా అంతే ఉంది.

గాలెయ్య మామకు చదువు రాదు.
ఇన్ని లక్షల పలకలు విప్పి
ఒక్కదాని మీదా తన పేరు రాసుకోలేదు.
"ఇదేనా" అని వేలితో తడిమాడు,
రాయిని తడిమే అలవాటే.
చివరక్షరం చెరిగి
తెల్లగా వేలికంటుకుంది.
గభాల్న చెయ్యి వెనక్కి లాక్కున్నాడు,
పలక పగలగొట్టుకున్న పిల్లాడల్లే.

బయట లోడు లారీ హారను మోగిస్తోంది.
బలపం దొర్లి బిల్లుబుక్కుల కిందకు పోయింది.
"ఉండు మామా," అన్నాను
వంగి వెతుకుతూ,
"మళ్లీ రాస్తా."